కొన్న గుర్రాలు, పుట్టిన పిల్లలు

మాఘమాసం వచ్చిందంటే మా మోర్తాడ్‌లో ఖాళీ జాగా అన్నది కనబడదు. తవ్వి తెచ్చిన పసుపును ఉడకబెట్టి, కాడి వేరు, గోళ వేరు చేసి, పది పదిహేను రోజులు ఎండబోస్తారు. ఎండిన పసుపును డ్రమ్ములో వేసి తిప్పి మెరుగు పెడతారు. ఆ రోజుల్లో గాలిలో లేచే ధూళి ఆరేసిన బట్టల మీద, పుస్తకాల అట్టల మీద, చివరకు తాగే నీళ్ళ మీద కూడా పలుచని పొరలా పడుతుంది. రెండేళ్ళ కిందట అటువంటి ఒక సాయంత్రం, మా వీధి చివర పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పే ఆయన మా గడపలోకి వచ్చి నిలబడ్డాడు.

"పిల్ల ఊపిరి ఎగబీలుస్తున్నది సారూ. మీ పాత బుక్కులల్ల దీనికేమన్న రాసి ఉన్నదా?"

ఆయన దగ్గర ఉన్నది నాందేడ్ జిల్లా మాళేగావ్ ఖండోబా జాతరలో కొన్న ఆడగుర్రం. కొన్నప్పుడే చూలుతో ఉంది. పుట్టిన పిల్లకు అప్పటికి రెండున్నర నెలలు. వెళ్ళి చూశాను. దగ్గు పెద్దగా లేదు. కానీ ముక్కుపుటాలు విచ్చుకుని ఉన్నాయి. ఊపిరి వదిలినప్పుడల్లా డొక్కలో గీత పడినట్టు లోతుగా పోతోంది. తల్లి పొదుగు దగ్గరికి వెళ్ళి, రెండు గుక్కలు తాగి, అలసిపోయి వదిలేస్తోంది. బెల్లంలో పసుపు కలిపి నాకించానని, వాము పొగ వేశానని చెప్పాడు. పిల్లను మాత్రం కొట్టం వెనుక, నలుగురి కంటా పడని చోట కట్టేశాడు. ఎందుకన్నది తరువాత తెలిసింది.

నేను వైద్యుణ్ణి కాను. పాత చరిత్ర చదువుకునేవాణ్ణి. ముందు పశువుల డాక్టరు గారిని పిలవమని చెప్పి ఇంటికి వచ్చాను. కానీ ఆయన అడిగిన ప్రశ్న ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. వెయ్యేళ్ళుగా గుర్రాల మీద రాజ్యాలు నడిపిన దక్కన్‌లో, జబ్బు పడిన ఒక గుర్రప్పిల్ల గురించి ఏమన్నా రాసి ఉందా?

* * *

అశ్వవైద్యం మనకు కొత్తది కాదు. విరటుని కొలువులో నకులుడు దామగ్రంథి అనే పేరుతో గుర్రాల సంరక్షణకు కుదిరిన కథ తిక్కన గారి పుణ్యమా అని తెలుగువారందరికీ తెలిసినదే. అశ్వవైద్యానికి ఆద్యుడుగా శాలిహోత్రుణ్ణి చెబుతారు. ఆయన పేరే హిందుస్తానీలో 'సలోత్రి' అయి, గుర్రాల వైద్యుడు అనే అర్థంలో స్థిరపడింది. ఒక శాస్త్రకారుడి పేరు ఒక వృత్తికి పేరైపోవడం సామాన్యమైన గౌరవం కాదు.

శాలిహోత్రుడి శాస్త్రం మన పొరుగునే భాష మారింది కూడా. 1422 నుండి 1436 దాకా ఏలిన బహమనీ సుల్తాన్ అహ్మద్ షా వలీ కోసం అబ్దుల్లా బిన్ సఫీ అనే పండితుడు దీనిని పారశీకంలోకి తెచ్చాడు. గుల్బర్గా నుండి బీదరుకు రాజధానిని మార్చిన సుల్తాన్ ఈయనే. మతాలు వేరైనా, భాషలు వేరైనా, గుర్రం దగ్గర అందరి అవసరమూ ఒక్కటే. తెలుగులోనూ మనుమంచి భట్టు హయలక్షణ విలాసమనే పద్యకృతి రచించాడు.

ఈ శాస్త్రాల ధోరణి ఆ తెలుగు గ్రంథం పేరులోనే తెలుస్తుంది: లక్షణం. గుర్రం రంగు ఏది, సుడులు ఎక్కడున్నాయి, ఏ సుడి యజమానికి శుభం, ఏది అశుభం, వయసును పళ్ళను బట్టి ఎలా కట్టాలి. ఇవన్నీ సంతలో నిలబడి ఎదిగిన గుర్రాన్ని కొనేవాడికి కావలసిన సంగతులు. చికిత్సాభాగాలు లేకపోలేదు. పసుపు, శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు వంటి దినుసులతో చేసే మందులున్నాయి. అంటే మా వీధి ఆయన బెల్లంలో పసుపు కలిపి నాకించడం వెనుక చాలా పాత సంప్రదాయమే ఉంది. కానీ ఈ విద్య అంతా రాజుగారి లాయంలో నిలిచిన గుర్రం చుట్టూ తిరుగుతుంది. తల్లి పక్కన వణుకుతూ నిలబడిన కిశోరం దాని అంచులలో ఎక్కడో ఉంటుంది.

* * *

దానికి కారణం శాస్త్రంలో కాక సంతలో వెతకాలని నాకు అనిపిస్తుంది.

మన సంప్రదాయం రాజులను అశ్వపతి, గజపతి, నరపతి అని మూడుగా విభజించింది. ఢిల్లీ వాడు అశ్వపతి, ఒడ్డె రాజు గజపతి, విజయనగర ప్రభువు నరపతి. మంచి గుర్రం మనది కాదన్న ఒప్పుకోలు ఆ బిరుదుల్లోనే ఉంది. అది అరేబియా నుండో పారశీకం నుండో ఓడ ఎక్కి రావాలి.

13వ శతాబ్దం చివరలో కోరమాండల్ తీరం మీదుగా వెళ్ళిన మార్కో పోలో మన మోటుపల్లి రాజ్యాన్నీ, దానిని ఏలిన రాణినీ కూడా ప్రస్తావించాడు. దానికి దక్షిణాన ఉన్న మాబార్, అంటే తమిళ తీరపు పాండ్యరాజ్యం గురించి రాస్తూ ఒక విషయం చెప్పాడు. అక్కడి రాజు ఏటా 2000కు పైగా గుర్రాలు కొంటాడు, అతని సోదరులు కూడా అన్నేసి కొంటారు, ఏడాది తిరిగేసరికి వాటిలో 100 కూడా మిగలవు అన్నాడు. వాటిని ఎలా చూసుకోవాలో అక్కడివారికి తెలియదు. హోర్ముజ్, కిష్, ఏడెన్ మొదలైన రేవుల నుండి గుర్రాలు తెచ్చి అమ్మే వర్తకులు గుర్రాల వైద్యులను మాత్రం తమ వెంట రానివ్వరట. గుర్రాలు చస్తేనే కదా మళ్ళీ బేరం! మేలుజాతి గోడిగను మేలుజాతి గుర్రంతో దాటించినా అక్కడ పుట్టే పిల్ల కాళ్ళు వంకరపోయి స్వారీకి పనికిరానిదే అవుతుందని కూడా అన్నాడు.

యాత్రికుడి మాటల్లో అతిశయోక్తి పాలు తీసివేసి చదువుకోవాలి. అయినా ఆ వర్తకుల ఎత్తుగడ ఒక్కటి చాలు ఆలోచించడానికి. సరుకుతో పాటు సరుకును కాపాడే విద్య కూడా వస్తే బేరం చెడుతుంది.

రెండు శతాబ్దాల తరువాతి మరో సాక్ష్యం నూనిజ్ అనే పోర్చుగీసు వాడిది. తానే గుర్రాల వ్యాపారి. సాళువ నరసింహరాయలు 1000 పర్దావులకు మూడు చొప్పున గుర్రాలను, బతికినవైనా చచ్చినవైనా, తీసుకునేవాడని రాశాడు. సముద్రం మీద చచ్చిపోయిన గుర్రానికి తోక మాత్రం తెచ్చి చూపిస్తే చాలు, బతికి ఉన్నదానికి ఇచ్చినట్టే సొమ్ము ముట్టేది. కృష్ణదేవరాయలు ఏటా 13000 గుర్రాలు కొనేవాడని కూడా ఆయనే చెప్పాడు. రాజనీతిగా చూస్తే ఇది తెలివైన పనే. వర్తకుడి నష్టాన్ని ఖజానా భరిస్తే గుర్రాలు శత్రువు రేవుకు పోకుండా మన రేవుకే వస్తాయి. కానీ చచ్చిన గుర్రం తోకకు వెల కట్టిన లెక్కలున్న చోట, ఆ ఏడాది ఎన్ని పిల్లలు పుట్టి, ఎన్ని బతికి బట్టకట్టాయన్న లెక్క నాకు ఎక్కడా కనబడలేదు.

* * *

ఇక గుర్రప్పిల్ల ఊపిరితిత్తుల సంగతి.

గుర్రాల జబ్బుల వెనుక ఉన్న సూక్ష్మజీవులు 19వ శతాబ్దం చివర ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. 1882లో జర్మనీలో లోఫ్లర్, షుట్జ్ అనే వారు గ్లాండర్స్ కారకాన్ని కనుగొన్నారు. పడుచు గుర్రాలకు గొంతు కింద గడ్డలు లేచి ఊపిరి ఆడనివ్వని స్ట్రాంగిల్స్ రోగకారకాన్ని షుట్జే 1888లో వర్ణించాడు. అది స్ట్రెప్టోకాకస్ జాతి. ఆ జాతి వల్ల వచ్చే న్యుమోనియాకు తరువాతి కాలంలో పెన్సిలిన్ చక్కగా పనిచేసింది. కానీ ఒకటి నుండి ఆరు నెలల లోపు పిల్లలను మాత్రమే పట్టి, ఊపిరితిత్తుల నిండా చీముగడ్డలు పుట్టించే జబ్బు ఒకటి వేరే ఉంది. దాని కారకాన్ని 1923లో స్వీడన్‌లో మాగ్నుసన్ వేరు చేశాడు. ఇప్పుడు దానిని రోడోకాకస్ ఎక్వి అంటున్నారు.

ఇది మట్టిలో ఉంటుంది. గుర్రం పేడలో, అందునా పిల్లల పేడలో పెచ్చుపెరుగుతుంది. ఎండకాలం పొడినేల మీద ధూళి లేచినప్పుడు, పుట్టి కొద్ది రోజులే అయిన పిల్ల దానిని పీలుస్తుంది. గుర్రానికి గర్భంలో ఉండగా తల్లి నుండి రక్షక పదార్థాలు అందవు. పుట్టిన మొదటి కొద్ది గంటల్లో తాగే ముర్రుపాలే దిక్కు. ఆ బలం కూడా నెల, రెండు నెలల్లో తగ్గిపోతుంది. జబ్బు నిదానంగా లోపల ముదిరి, పైకి కనబడే వేళకు ఊపిరితిత్తుల్లో గడ్డలు పెరిగిపోయి ఉంటాయి.

ఇందులో ఒక వింత ఉంది. శరీరంలోకి చొరబడ్డ సూక్ష్మజీవులను మింగి చంపడానికి భక్షక కణాలుంటాయి. ఈ రోడోకాకస్‌ను అవి మింగుతాయి గానీ చంపలేవు. అది వాటిలోనే కూర్చుని సంతానాన్ని పెంచుకుంటుంది. కాపలావాడి ఇంట్లోనే దొంగ కాపురం పెట్టాడన్నమాట! ఆ నేర్పు దానికి ఒక ప్లాస్మిడ్ ద్వారా వస్తుందని 1991లో తేలింది. అది లేని రోడోకాకస్ పిల్లలకు హాని చేయదు.

అందుకే చాలాకాలం వైద్యులు ఓడిపోయారు. ప్రయోగశాలలో గాజుపళ్ళెంలో జెంటామైసిన్ వేస్తే ఈ సూక్ష్మజీవి చస్తుంది. అదే మందు పిల్లకు ఇస్తే పిల్ల చస్తుంది. 1987లో అమెరికాలో వెలువడిన ఒక నివేదికలో పెన్సిలిన్, జెంటామైసిన్ కలిపి ఇచ్చిన 17 పిల్లలూ చనిపోయాయని ఉంది. మందు మంచిదే, కానీ చీము గోడ దాటి, కణం గోడ దాటి దొంగ ఉన్న గదిలోకి వెళ్ళలేదు. అదే ఏడాది హిల్లిడ్జ్ అనే వైద్యుడు ఎరిత్రోమైసిన్, రిఫాంపిసిన్ కలిపి వాడిన 57 పిల్లల్లో 50 బతికాయని ప్రకటించాడు. ఈ రెండు మందులూ కణాల లోపలికి చొచ్చుకుపోతాయి. అప్పటి నుండి ఆ కూటమే చికిత్సకు ఆధారమైంది. ఎరిత్రోమైసిన్ స్థానంలో ఇప్పుడు దాని వంశానికే చెందిన అజిత్రోమైసిన్‌నో, క్లారిత్రోమైసిన్‌నో ఎక్కువగా వాడుతున్నారు.

ఆ రెండు మందుల పుట్టుక చదివినప్పుడు నాకు ముచ్చట వేసింది. ఎరిత్రోమైసిన్ 1949లో ఫిలిప్పీన్స్‌లో అగిలార్ అనే వైద్యుడు సేకరించి పంపిన మట్టి నుండి వచ్చింది. రిఫాంపిసిన్‌కు మూలమైన సూక్ష్మజీవి 1957లో ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని పైన్ వనపు మట్టిలో దొరికింది. జబ్బు మట్టిలోనిదే, మందూ మట్టిలోనిదే. రిఫాంపిసిన్ మన ఇళ్ళలో చాలామందికి తెలిసిన మందే. క్షయరోగానికి ఇచ్చే, మూత్రాన్ని ఎర్రగా మార్చే ఆ గోళీయే అది. క్షయ సూక్ష్మజీవికీ రోడోకాకస్‌కూ దూరపు చుట్టరికం ఉంది. మైనం వంటి పై కవచమూ, కణంలో దాక్కునే గుణమూ రెంటికీ సమానం.

* * *

మా వీధి పిల్ల దగ్గరికి వస్తాను. ఆయన పిల్లను ఎందుకు దాచాడో రెండవ రోజు చెప్పాడు. ముక్కు కారుతూ ఊపిరాడని గుర్రాన్ని చూస్తే గ్లాండర్స్ అంటారని, పరీక్షకు రక్తం తీస్తారని, అదేనని తేలితే చంపేస్తారని విన్నాడు. విన్నది అబద్ధం కాదు. గ్లాండర్స్ మనుషులకూ సోకే ప్రాణాంతకమైన జబ్బు. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం కింద దానిని ప్రభుత్వానికి తెలియజేయడం తప్పనిసరి. నిర్ధారణ అయిన జంతువును బాధ లేకుండా చంపి పూడ్చిపెట్టాలి. తల్లీ పిల్లా రెండూ పోతే ఆ ఇంటికి పెళ్ళిళ్ళ కాలపు రాబడి మొత్తం పోతుంది. భయపడిన మనిషి చేసే పనే ఆయన చేశాడు. కానీ దాచిన రోజులన్నీ పిల్ల ఆయుష్షులోంచి పోయాయి.

చివరకు డాక్టరు గారు వచ్చారు. గ్లాండర్స్ కాదని తేల్చుకోక తప్పదంటూ రక్తం తీసి పంపారు. హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధనా కేంద్రమే దేశంలో ఈ పరీక్షకు పెద్ద దిక్కు. ఫలితం వచ్చేదాకా పిల్లను విడిగా ఉంచమన్నారు, ముక్కుకు గుడ్డ కట్టుకుని తాకమన్నారు. వయసు, ఊపిరి తీరు, ఛాతీలో వినిపించే శబ్దం చూసి ఆ రెండు మందుల కూటమిని వెంటనే మొదలుపెట్టారు. రోజులు గడిచాక గ్లాండర్స్ లేదని కబురు వచ్చింది. ఆ సాయంత్రం ఆయన మా ఇంటికి బెల్లం ముక్క పట్టుకొచ్చాడు.

ఈ చికిత్స గోళీ మింగించి వదిలేసేది కాదు. వారాల తరబడి, ఒక్కోసారి రెండు మూడు నెలలు సాగుతుంది. పిల్ల తేరుకుందని మధ్యలో మానకూడదు. మందు వల్ల పిల్లకు విరేచనాలు పట్టవచ్చు. ఎరిత్రోమైసిన్ వంశపు మందులు గుర్రప్పిల్లకు చెమట పట్టకుండా చేస్తాయి. అటువంటి పిల్లను ఎండలో నిలబెడితే జబ్బు తగ్గుతున్నా వడదెబ్బకు పోతుంది. ఇంకొక అపాయం తల్లికి. పిల్ల మూతికి అంటిన కొద్దిపాటి మందును తల్లి నాకితే దానికి పేగువాపు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. స్వీడన్‌లో ఇలా తల్లులు చనిపోయిన తరువాత దీనిని గుర్తించారు. డాక్టరు గారు ఇవన్నీ ఓపికగా చెప్పారు. ఆయన మందు పట్టిన ప్రతిసారీ పిల్ల మూతిని తడిగుడ్డతో తుడిచేవాడు. ఆ గుడ్డకు అంటిన నారింజ రంగు చూసి, "పసుపు ఊర్ల పుట్టింది గద సారూ, దీని ఉమ్మి గూడ పసుపే" అని మొదటిసారి నవ్వాడు. ఫాల్గుణం దాటి ఎండలు ముదిరాక కొట్టానికి గోనెపట్టాలు కట్టి నీళ్ళు చల్లుతూ వచ్చాడు.

మూడవ వారంలో పిల్ల కాళ్ళ కీళ్ళు వాచాయి. ఆయన గుండె జారిపోయింది. ఈ జబ్బు ఊపిరితిత్తులతో ఆగదు. కడుపులో గడ్డలు కావచ్చు, పేగులకు పుండ్లు పడవచ్చు, కంటిలోపల వాపు రావచ్చు, ఎముకలకు చీము పట్టవచ్చు. వెన్నుపూసకు పడితే నడుము పడిపోతుంది. పిల్ల వాచిన కాళ్ళతోనే పెద్దగా కుంటకుండా నడుస్తోందని డాక్టరు గారు గమనించారు. కీలులో చీము పడితే కాలు కింద మోపలేదు. ఇది శరీరం తన పోరాటంలో తెచ్చుకున్న వాపు, ఊపిరితిత్తులు కుదుటపడితే ఇదీ తగ్గుతుంది, కీలును కోయకండి, కాల్చకండి అన్నారు. అలాగే జరిగింది. తొమ్మిదవ వారానికి పిల్ల తల్లి వెంట పరుగెత్తింది.

* * *

మందు గెలిచిందన్న ఈ కథను ఇక్కడ ముగిస్తే సగం చెప్పినట్టే అవుతుంది. ఈ శతాబ్దం మొదటి నుండి విదేశాల్లోని పెద్ద అశ్వక్షేత్రాల్లో పిల్లలన్నిటి ఛాతీలకూ అల్ట్రాసౌండ్ తీయడం మొదలుపెట్టారు. ఏ కొంచెం మచ్చ కనబడినా మందు మొదలు. ప్రాణాలు దక్కాయి గానీ, మందుకు లొంగని రోడోకాకస్ ఆ నేలల్లోనే పుట్టుకొచ్చింది. 2012లో జర్మనీ నుండి వెలువడిన ఒక పరిశోధన, చిన్న గడ్డలు మాత్రమే ఉండి పైకి జబ్బు కనబడని పిల్లల్లో మందు పొందినవీ పొందనివీ దాదాపు ఒకేలా కోలుకున్నాయని చూపింది. ఏ పిల్లకు మందు ఇవ్వాలో తెలియడం ఎంత విద్యో, ఏ పిల్లకు ఇవ్వకుండా కనిపెట్టుకుని ఉండాలో తెలియడం అంతే విద్య.

మిగిలినది మందుల దుకాణంలో దొరకదు. ముర్రుపాలు వేళకు తాగించడం, ధూళి లేవని చోట ఈనబెట్టడం, పేడ ఏ రోజుది ఆ రోజు తీయడం, ఒకే చోట పిల్లలను గుంపుగా కుక్కకపోవడం. ఓడల కొద్దీ గుర్రాలను కొన్న ఖజానాలకు ఈ పనులు ఖరీదైనవి కావు. కానీ రేవులో కొత్త గుర్రం దొరుకుతున్నంత కాలం లాయంలో పుట్టిన పిల్ల మీదికి ఎవరి దృష్టీ పోదు. పిల్లల పెంపకం లేని చోట పిల్లల వైద్యం ఎలా పెరుగుతుంది? వైద్యులను ఓడ ఎక్కనివ్వని వర్తకులను మనం తప్పు పట్టవచ్చు. వైద్యుణ్ణి కూడా పంపమని వారిని గట్టిగా అడిగిన రాజు మార్కో పోలో కథలో ఎవరూ లేరు.

మొన్న మాఘంలో ఆ ఆడగుర్రం మళ్ళీ ఈనింది. ఈసారి ఆయన దానిని పసుపు ఎండబోసే కళ్ళాలకు దూరంగా, చెరువు వైపు ఉన్న చుట్టాల దొడ్డికి నెల ముందే తోలుకుపోయాడు. పొద్దున్నే పేడ ఎత్తి గంపతో పొలానికి మోస్తున్నాడు. పాత పిల్ల ఇప్పుడు మెడ ఎత్తి నిలబడితే నా భుజం దాటుతుంది. చూడబోయినప్పుడు, నేను రాజుల గుర్రాల మీద ఏదో రాస్తున్నానని విని అడిగాడు.

"అన్నన్ని గుర్రాలు కొన్నరంటవు గద సారూ. మరి వాళ్ళ ఇంట్ల ఎన్ని పుట్టినయి?"

నేను చదివిన పుస్తకాల్లో కొన్న గుర్రాల సంఖ్య ఉంది, చచ్చిన గుర్రాల తోకల వెల ఉంది. ఆ మాటే చెప్పాను. ఆయన గంప ఎత్తుకుని దొడ్డిలోకి వెళ్ళాడు.